డిస్క్ తిరగకపోతే మోటారు పోయినట్టేనా? డీజే ప్లేయర్ లోపాల వెనుక ఉండే వరుస

పయనీర్ డీజే బ్రాండు కింద 2020లో వచ్చిన సీడీజే-3000 అనే డీజే ప్లేయర్‌లో డిస్క్ పెట్టే సందు లేదు. 2016 నాటి సీడీజే-2000 నెక్సస్2 వరకు క్లబ్బుల్లో ప్రామాణికంగా చెలామణీ అయిన ఈ శ్రేణి ప్రధాన మోడళ్లన్నీ సీడీని చదివేవి. కొత్త మోడళ్లకు మారుతున్న క్లబ్బులు, సౌండ్ సామగ్రి అద్దెకిచ్చేవారు పాత ప్లేయర్లను అమ్మేస్తుండడంతో, ఒకప్పుడు సామాన్యుడికి అందని ఈ యంత్రాలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఇంట్లో సాధన చేసుకునే కుర్రవాళ్ల చేతికి వస్తున్నాయి. వాటితోపాటు ఏళ్ల తరబడి పొగలో, దుమ్ములో, చెమట చేతుల కింద పనిచేసిన అలసట కూడా వస్తోంది.

ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. డిస్క్ తిరగకపోతే మోటారు పోయిందని, పాట ఎగిరితే లెన్స్ పోయిందని, పాటను చేత్తో కదిపే చక్రం, అంటే జాగ్ వీల్, పలకకపోతే బోర్డు పోయిందని వెంటనే తీర్పు చెప్పేవారు ఎక్కువ. నిజానికి ఒకే లక్షణానికి నాలుగైదు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, ఒకే కారణం నాలుగైదు లక్షణాలుగా బయటపడవచ్చు. యంత్రం తన పనిని ఏ వరుసలో చేస్తుందో తెలిస్తే, అది ఆ వరుసలో ఎక్కడ ఆగిందో చూసి లోపం ఎటువైపు ఉందో చాలావరకు ఊహించవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా సీడీజే శ్రేణి నుంచి తీసుకున్నా, డిస్క్ చదవడానికి సంబంధించిన విషయాలు ఏ కంపెనీ ప్లేయర్‌కైనా వర్తిస్తాయి.

చేతి కింద తిరిగేది డిస్క్ కాదు

డీజే డిస్క్ ప్లేయర్‌ను వాడుకలో డెక్ అంటారు. ఇంట్లో పాటలు వినే సీడీ ప్లేయర్‌కూ దీనికీ డిస్క్ చదివే పద్ధతిలో తేడా లేదు. చదివిన తర్వాత చేసే పనిలోనే ఉంది. డెక్ పాటను కొంత ముందుగానే మెమరీలోకి తెచ్చిపెట్టుకుని, అక్కడి నుంచి డీజే కోరిన వేగంతో, కోరిన చోటు నుంచి, అవసరమైతే వెనక్కి కూడా వినిపిస్తుంది. 1994లో వచ్చిన సీడీజే-500 తర్వాత, 2001 నాటి సీడీజే-1000 తన పెద్ద జాగ్ వీల్‌తో, వినైల్ రికార్డును పట్టుకుని లాగినట్టే సీడీ పాటనూ చేత్తో లాగే వీలు కల్పించింది.

అయితే ఆ జాగ్ వీల్‌కూ లోపల తిరిగే డిస్కుకూ యాంత్రికంగా ఏ సంబంధమూ లేదు. చక్రం ఎంత వేగంతో, ఏ దిశలో కదిలిందో ఒక సెన్సర్ చెబుతుంది, దాన్నిబట్టి మెమరీలోని పాట కదులుతుంది. కాబట్టి స్క్రాచ్ చేసేటప్పుడు, అంటే చక్రాన్ని ముందుకూ వెనక్కూ లాగేటప్పుడు, శబ్దం తెగుతోందంటే జాగ్ వీల్‌నూ, ఏమీ ముట్టుకోకుండా వదిలేసినా తెగుతోందంటే డిస్క్ చదివే భాగాన్నీ అనుమానించాలి. లెన్సును, దాని వెనుక ఉన్న లేజర్‌ను, తిరిగి వచ్చిన వెలుతురును గ్రహించే భాగాన్ని కలిపి పికప్ అంటారు. పికప్‌ను డిస్క్ మధ్య నుంచి అంచు దాకా జరిపే పట్టాలు, పళ్ల చక్రాలు ఉన్న బండిని స్లెడ్ అంటారు.

డిస్క్ లోపలికి వెళ్లాక మొదటి కొన్ని సెకన్లు

స్లాట్‌లో డిస్క్ పెట్టగానే రబ్బరు రోలర్లు దాన్ని లోపలికి లాగి, మధ్యలోని ఇరుసు మీద కూర్చోబెడతాయి. స్లెడ్ పికప్‌ను డిస్క్ మధ్య భాగం దగ్గరికి తీసుకువెళుతుంది. అప్పుడు లేజర్ వెలుగుతుంది. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఈ పరారుణ కిరణం కంటికి సరిగా కనిపించదు, అయినా కంటికి హాని చేయగలదు. పై మూత తీసిన ప్లేయర్‌ను పనిచేయిస్తూ లెన్సులోకి తొంగిచూడకూడదన్న హెచ్చరిక అందుకే. తర్వాత లెన్స్ పైకీ కిందికీ కదులుతూ, డిస్క్ లోపలి అద్దంలాంటి పొర మీద కిరణం సూదిమొనలా కేంద్రీకృతమయ్యే ఎత్తు కోసం వెతుకుతుంది. దీన్ని ఫోకస్ అంటారు. చాలా ప్లేయర్లు ఫోకస్ దొరికిన తర్వాతే డిస్కును పూర్తి వేగంతో తిప్పుతాయి. వేగం అందుకున్నాక కిరణం 1.6 మైక్రోమీటర్ల ఎడంతో చుట్టుకున్న సర్పిలాకార గాడిని పట్టుకుంటుంది. ఇది ట్రాకింగ్. చివరగా కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల లోపలే ఉండే విషయసూచికను చదువుతుంది. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఈ సూచికనే టీఓసీ అంటారు.

ఈ వరుస తెలిస్తే మొదటి అపోహ తొలగిపోతుంది. డిస్క్ లోపలికి వెళ్లి, అసలు తిరగకుండా లేదా ఒక్కసారి కదిలి ఊరుకుందంటే, మోటారు కన్నా ముందు అనుమానించాల్సింది ఫోకస్‌ను. లెన్స్ మీద పొర పేరుకుపోయినా, లేజర్ బలహీనపడినా, డిస్కును తలకిందులుగా పెట్టినా ప్లేయర్‌కు అక్కడ డిస్క్ ఉన్నట్టే తెలియదు. డిస్క్ చక్కగా తిరుగుతూ సమయం, పాటల సంఖ్య రాకపోతే ఫోకస్ దొరికింది, ట్రాకింగ్ లేదా సూచిక దగ్గర పని ఆగింది. సూచిక వచ్చి మధ్యలో పాట ఎగురుతుంటే పికప్ కనీస స్థాయిలో పనిచేస్తున్నట్టే లెక్క.

సీడీజేలు తెరమీద చూపే లోపాల సంకేతాలు కూడా ఈ వరుసకే చెందుతాయి. ఈ-7201 అంటే సూచికను చదవలేకపోయిందని అర్థం. ఈ-9101 అంటే యాంత్రిక భాగం నిర్ణీత సమయంలో పని పూర్తి చేయలేదని, అంటే రోలర్లో, స్లెడ్డో, డిస్క్ ఎక్కడుందో చెప్పే స్విచ్చో మొరాయించిందని అర్థం. మొదటిది డిస్క్ మారిస్తే పోవచ్చు, రెండోది డిస్క్ మార్చినంత మాత్రాన సాధారణంగా పోదు. కాగితం లేబుల్ అతికించిన సీడీలు ఈ రెండో రకానికి పేరుమోసిన కారణం: వేడికి జిగురు వదిలి, లేబుల్ అంచు లేచి రోలర్లకు చుట్టుకుంటుంది.

అచ్చు సీడీ పాడుతుంది, ఇంట్లో రాసింది పాడదు: ఎందుకు?

ఎక్కువమందిని తికమకపెట్టే ప్రశ్న ఇది. కంపెనీలో అచ్చు వేసిన సీడీలో అల్యూమినియం పొర పికప్ పంపిన వెలుతురులో సుమారు 70 శాతాన్ని వెనక్కి పంపుతుంది. కంప్యూటర్‌లో ఒక్కసారి రాసే సీడీ-ఆర్‌లో సమాచారం రంగు పొరలో ఉంటుంది కాబట్టి ఆ వెలుతురు కొంచెం తగ్గుతుంది. చెరిపి మళ్లీ రాసే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతం మాత్రమే వెనక్కి పంపుతుంది.

పికప్ ఏళ్లు గడిచి బలహీనపడుతున్నప్పుడు ఈ మెట్లు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. ముందుగా సీడీ-ఆర్‌డబ్ల్యూలు చదవడం మానేస్తుంది, తర్వాత సీడీ-ఆర్‌లు మొండికేస్తాయి, చివరగా అచ్చు సీడీలు కూడా ఎగురుతాయి. అందుకే సెకండ్ హ్యాండ్ డెక్‌ను కంపెనీ సీడీతో మాత్రమే పరీక్షించి బాగుందనడం అసంపూర్ణమైన తీర్పు. ఇంట్లో రాసిన సీడీ-ఆర్‌ను తీసుకువెళితే లెన్స్ అసలు పరిస్థితి ఇంకాస్త ముందుగా బయటపడుతుంది.

అయితే తప్పు ఎప్పుడూ ప్లేయర్‌దే కానక్కరలేదు. సీడీ-ఆర్ రాసేటప్పుడు ఫైనలైజ్ చేయడం మరిచిపోతే, రాసిన కంప్యూటర్‌లో పాటలు కనిపిస్తాయి, డెక్‌లో మాత్రం కనిపించవు. రాయడం పూర్తికాని డిస్కులో సూచిక ఇంకా దాని స్థానంలోకి చేరి ఉండదు. తాత్కాలిక జాబితా వేరే చోట ఉంటుంది. కంప్యూటర్ డ్రైవ్ దాన్ని వెతికి చదవగలదు, డెక్ వెతకదు. లక్షణం మాత్రం లెన్స్ పోయినప్పుడు వచ్చే ఈ-7201 లాగే కనిపిస్తుంది.

సీడీ రాసే వేగం మీద రెండు వాదాలు ఉన్నాయి. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదన్నది పాత డీజేల నమ్మకం. తొలినాళ్ల సీడీ-ఆర్‌లకు అందులో నిజం ఉంది కూడా. కానీ ఇటీవలి డిస్కుల రంగు పొరను 48 లేదా 52 రెట్ల వేగానికి అనువుగా తయారుచేశారు కాబట్టి, అతి తక్కువ వేగంలో లేజర్ దాన్ని అవసరానికి మించి కాల్చే ప్రమాదం ఉందని రెండో వర్గం అంటుంది. గరిష్ఠ వేగంతో రాస్తే బయటి అంచు దగ్గర గుర్తులు చెదిరే అవకాశం పెరుగుతుందన్నది కూడా నిజమే. రెండు వాదాలకూ ఆధారం ఉన్నందున, డిస్క్ గరిష్ఠ వేగంలో మూడోవంతో సగమో ఎంచుకునేవారి పద్ధతి అర్థవంతంగా కనిపిస్తుంది.

ఆడియో సీడీ గీతను దాచుతుంది, ఎంపీ3 సీడీ దాచదు

ఒకే గీత పడిన రెండు డిస్కులు రెండు రకాలుగా ప్రవర్తించడం చూసి ప్లేయర్‌ను అనుమానించేవారున్నారు. ఆడియో సీడీలో సమాచారాన్ని వరుసగా కాక, ముక్కలుగా చేసి దూరదూరంగా చల్లి రాస్తారు. ఒకే ఉత్తరాన్ని చింపి పది కవర్లలో పంపితే ఒక కవరు పోయినా మిగతావాటి నుంచి విషయం అర్థమైనట్టు, గాడి పొడవునా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా ఈ దిద్దుబాటు పద్ధతి దాన్ని పూర్తిగా తిరిగి రాబట్టగలదు. అంతకు మించితే పక్క విలువలను బట్టి ఊహించి నింపుతుంది. అదీ కుదరనప్పుడే టప్‌మనే చప్పుడు వస్తుంది.

ఎంపీ3 పాటలు రాసిన డేటా డిస్కులో అదనపు దిద్దుబాటు పొర ఉంటుంది కానీ ఊహించి నింపడానికి వీలుండదు, ఎందుకంటే ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా అర్థం మారిపోతుంది. దానికి బదులు అదే చోటును మళ్లీ మళ్లీ చదివే తీరిక ప్లేయర్‌కు దొరుకుతుంది. ఆడియో సీడీ సెకనుకు 1,411 కిలోబిట్లను అడుగుతుంది, 320 కిలోబిట్ల ఎంపీ3 అందులో నాలుగోవంతు కన్నా తక్కువ అడుగుతుంది. కాబట్టి అంతే మెమరీలో నాలుగు రెట్లకు పైగా ఎక్కువసేపు వినిపించే పాట నిల్వ ఉంటుంది. ఫలితంగా చిన్న గీతలున్న ఎంపీ3 సీడీ ఏ తేడా తెలియకుండా పాడుతూ పాడుతూ ఒక్కసారిగా నిలిచిపోతుంది, ఆడియో సీడీ మాత్రం చిన్న చిన్న చప్పుళ్లతో ముందే హెచ్చరిస్తుంది.

గీత దిశకూ ప్రాధాన్యం ఉంది. మధ్య నుంచి అంచుకు పడిన నిలువు గీత ఒక్కో చుట్టులో కొంచెమే చెరిపేస్తుంది. గాడి వెంబడి వంకరగా పడిన గీత ఒకే చోట ఎక్కువ సమాచారాన్ని మింగేస్తుంది. డిస్కును మధ్య నుంచి అంచుకు తుడవాలనే సలహా ఇక్కడి నుంచే వచ్చింది. లేబుల్ వైపు పడిన గీత మరీ ప్రమాదకరం. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ కాపలా ఉంటుంది, లేబుల్ వైపు లోహపు పొరను కాపాడేది పలుచటి లక్క పూత మాత్రమే.

పాట ఎగిరే నిమిషం ఏమి చెబుతుంది

ఒక డెక్‌లో ఏ సీడీ వేసినా 30వ నిమిషం దగ్గర పాట ఎగురుతోందని అనుకుందాం. సీడీ మధ్య నుంచి అంచుకు చదవబడుతుంది కాబట్టి నిమిషాన్ని దూరంగా మార్చవచ్చు. గాడి సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల చొప్పున పికప్ మీదుగా కదులుతుంది. 1.3 మీటర్లుగా తీసుకుంటే 1,800 సెకన్లలో 2,340 మీటర్ల గాడి గడిచిపోతుంది. దాన్ని 1.6 మైక్రోమీటర్ల ఎడంతో గుణిస్తే 3,744 చదరపు మిల్లీమీటర్ల విస్తీర్ణం వస్తుంది. 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై ఇంత విస్తీర్ణం నిండాలంటే పికప్ కేంద్రం నుంచి సుమారు 42.6 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంటే స్లెడ్ పట్టా మీద సరిగ్గా ఆ ప్రాంతంలో ఎండిపోయిన గ్రీజో, దుమ్ము ముద్దో, అరిగిన పన్నో ఉండే అవకాశం ఎక్కువ. ఈ స్థితిలో పికప్‌ను మార్చినా పట్టాలోని లోపం అలాగే ఉంటుంది.

అదే 30వ నిమిషం దగ్గర ఒకే ఒక్క సీడీ ఎగిరితే తప్పు ఆ సీడీది. ఏ సీడీ అయినా, ఏ నిమిషంలోనైనా ఎగురుతుంటే పికప్ వైపు అనుమానం మళ్లుతుంది. బేస్ మోగినప్పుడే ఎగురుతుంటే అది వేదిక అదురు. ముఖ్యంగా సబ్‌ఊఫర్లున్న చెక్క వేదిక మీదే డెక్ బల్ల వేసినప్పుడు, లేదా ఊరేగింపు వాహనం మీద డెక్ పెట్టినప్పుడు, మెమరీలో నిల్వ ఉన్న పాట అయిపోయేలోగా లెన్సుకు కుదురు దొరకక శబ్దం తెగుతుంది.

లెన్స్ క్లీనర్ డిస్కులు, లేజర్ స్క్రూలు: భిన్నమైన అభిప్రాయాలు

పొగ యంత్రం వదిలే పొగలో నీటితోపాటు గ్లైకాల్ లేదా గ్లిజరిన్ ఉంటాయి. అది చల్లబడి పలుచటి జిడ్డు పొరగా లెన్స్ మీద కూర్చుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. చిన్న కుచ్చు అతికించిన క్లీనర్ డిస్క్ పొడి దుమ్మును కదిలించగలదు కానీ జిడ్డును తీయలేదు, పైగా సన్నని స్ప్రింగుల మీద తేలే లెన్సును వేగంగా తిరిగే కుచ్చు తాకడం మంచిది కాదని చాలామంది మెకానిక్‌లు అంటారు. మూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో ఒత్తిడి లేకుండా తుడవడమే సరైనదని వారి వాదన. యంత్రాన్ని విప్పడం తెలియనివారికి అది క్లీనర్ డిస్క్ కన్నా పెద్ద ప్రమాదమన్న ఎదురువాదాన్నీ కొట్టిపారేయలేము.

పికప్ మీద ఉండే చిన్న స్క్రూను తిప్పి లేజర్ శక్తిని పెంచడం గురించి మాత్రం నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. తిప్పగానే డిస్కులు మళ్లీ చదవడం మొదలుపెడతాయి, అందుకే అది మరమ్మతులా కనిపిస్తుంది. ఎక్కువ విద్యుత్తు తీసుకున్న లేజర్ మరింత వేడెక్కి మరింత త్వరగా క్షీణిస్తుంది. డెక్‌ను అమ్మే ముందు ఈ పని చేస్తే నష్టపోయేది కొన్నవాడు.

తేమ వల్ల వచ్చే లోపాన్ని ఈ గొడవల నుంచి వేరుచేయాలి. ఏసీ గదిలో చల్లబడిన డెక్‌ను వైజాగ్ లాంటి తీరప్రాంతపు ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే లెన్స్ మీద తేమపొర ఏర్పడి డిస్కును గుర్తించదు. కాసేపు అలాగే వదిలేస్తే ఆరిపోతుంది. తుడవాల్సిన పని కూడా ఉండదు.

మీట నొక్కితే పలకదు, స్లైడర్ నిలకడగా ఉండదు

ప్లే, క్యూ మీటల కింద ఉండేది గోపురం ఆకారంలో ఉన్న పలుచటి లోహపు రేకు. నొక్కినప్పుడు అది వంగి రెండు కొసలను కలుపుతుంది. లక్షలసార్లు వంగిన రేకు పట్టు కోల్పోయి, ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు, లేదా గట్టిగా నొక్కితేనే పలికేట్టు తయారవుతుంది. క్యూ మీట విషయంలో ఇది విచిత్రంగా కనిపిస్తుంది. క్యూ బిందువు (పాటలో డీజే గుర్తుపెట్టుకున్న చోటు) దగ్గర ఆగి ఉన్న పాట, మీటను నొక్కి పట్టినంతసేపు మోగి, వదలగానే మళ్లీ ఆ బిందువుకు వెళ్లాలి. రేకు మధ్యలో పట్టు వదిలితే డీజే వేలు తీయకుండానే పాట వెనక్కి దూకుతుంది; చూసేవారికి అది డిస్క్ లోపంలా కనిపిస్తుంది. ఈ స్విచ్ చవకైనదే, ఖర్చంతా విప్పి టంకం వేసే పనిలో ఉంటుంది.

పాట వేగాన్ని మార్చే టెంపో స్లైడర్ లోపం అంతకన్నా సూక్ష్మమైనది. స్లైడర్ కింద నల్లని కార్బన్ పట్టీ మీద లోహపు వేళ్లు జారుతుంటాయి. పట్టీ మీద మురికి చేరితే ముట్టుకోకపోయినా తెరమీద అంకె అటూ ఇటూ వణుకుతుంది. ఆ వణుకు ఎంత ముఖ్యమో లెక్కవేసి చూద్దాం. నిమిషానికి 128 బీట్ల పాటలో ఒక బీట్ నిడివి సుమారు 469 మిల్లీసెకన్లు. రెండు డెక్‌ల మధ్య వేగంలో 0.05 శాతం తేడా ఉంటే నాలుగు నిమిషాల్లో, అంటే 240 సెకన్లలో, 120 మిల్లీసెకన్ల ఎడం ఏర్పడుతుంది. అది బీట్‌లో పావుభాగం. రెండు డ్రమ్ములు ఒకటిగా కాక గుర్రపు నడకలా వినిపించడానికి అది చాలు. ప్లస్-మైనస్ 6 శాతం పరిధిలో సీడీజే 0.02 శాతం మెట్లతో వేగాన్ని మారుస్తుంది కాబట్టి సన్నని సర్దుబాటుకు ఆ పరిధే అనువైనది. అన్నిటికన్నా విశాలమైన వైడ్ పరిధిలో అదే స్లైడర్ కొద్దిగా కదిలినా పెద్ద మార్పు వస్తుంది. చాలాసార్లు చెడిపోయిందనుకున్న స్లైడర్ వాస్తవానికి వైడ్ పరిధిలో ఉండడం వల్లే మరీ చురుగ్గా ప్రవర్తిస్తుంటుంది.

జాగ్ వీల్‌లో రెండు వేర్వేరు సెన్సర్లు పనిచేస్తాయి. ఒకటి చక్రం తిరగడాన్ని గమనిస్తుంది, రెండోది పైభాగాన్ని చెయ్యి తాకిందా లేదా అని గమనిస్తుంది. సీడీజే-1000, 2000ల్లో ఆ రెండోది ఒత్తిడికి కలిసే పలుచటి షీట్ స్విచ్. మరికొన్ని యంత్రాల్లో, ముఖ్యంగా లాప్‌టాప్‌కు తగిలించే కంట్రోలర్లలో, అది చేతి విద్యుత్ ధర్మాన్ని పసిగట్టే లోహపు పలక. షీట్ స్విచ్ అరిగితే ఒక వైపు నొక్కితే పలికి మరో వైపు పలకదు. లోహపు పలక రకం ఎర్తింగ్ సరిగా లేని జనరేటర్ మీద ఉన్నప్పుడు ముట్టుకోకుండానే ముట్టుకున్నట్టు ప్రవర్తించవచ్చు, ఇంటికి తెచ్చాక చక్కగా పనిచేసి మెకానిక్ ముందు యజమానిని ఇబ్బందిలో పెట్టవచ్చు.

లోపంలా కనిపించే సెట్టింగులు

పాట మొదట్లోని నెమ్మదైన ఆలాపన వినిపించకుండా నేరుగా తాళం దగ్గర మొదలవుతోందంటే ఆటో క్యూ పనిచేస్తోందని అర్థం. నిర్ణీత స్థాయి కన్నా తక్కువ శబ్దాన్ని అది నిశ్శబ్దంగా లెక్కగట్టి దాటవేస్తుంది. ఆ స్థాయి మైనస్ 36 డెసిబెల్స్ దగ్గర ఉంటే సన్నని తంబుర నాదం కూడా నిశ్శబ్దం కిందే పోతుంది, మైనస్ 78కి మారిస్తే నిలుస్తుంది. ప్లే నొక్కితే పాట బద్ధకంగా వేగం అందుకుంటోందంటే వినైల్ స్పీడ్ అడ్జస్ట్ నాబ్ తిరిగి ఉంటుంది. పాట వెనక్కి పాడుతోందంటే దిశ మార్చే లివర్‌కు ఎవరిదో మోచెయ్యి తగిలి ఉంటుంది. నెక్సస్ తరం డెక్‌లో పాట నాలుగు బీట్ల ముక్కలో చిక్కుకుపోయి తిరుగుతుంటే, ఎవరో పెన్ డ్రైవ్ లాగేసి ఉంటారు లేదా డెక్‌లను కలిపే లాన్ కేబుల్ ఊడి ఉంటుంది. శబ్దం ఆగిపోకుండా యంత్రం చేసే అత్యవసర ఏర్పాటు అది.

పెన్ డ్రైవ్‌లో ఉన్న పాట డెక్‌కు కనిపించకపోవడం

సీడీజే-2000 2009లో యూఎస్‌బీని, ఎస్‌డీ కార్డును కూడా చదివే డెక్‌గా వచ్చింది. దాంతో లోపాల మకాం లేజర్ నుంచి ఫైళ్లకు మారింది. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. ఈ తరం సీడీజేలు ఫ్యాట్32, మ్యాక్ వాడే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లను చదువుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లను చదవవు. విండోస్ 32 జీబీ కన్నా పెద్ద డ్రైవ్‌ను సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తుంది. అందుకే 16 జీబీ పాత డ్రైవ్ చదివిన డెక్ కొత్త 128 జీబీ డ్రైవ్‌ను గుర్తించదు. సైజు ఎక్కువైందని అంటారు కానీ ఇక్కడ అసలు అడ్డం ఫార్మాట్.

ఈ-8305 అనే సంకేతం ఫైల్ రకం తనకు తెలియదని చెబుతుంది. పేరు చివర అక్షరాలు సరిగానే ఉన్నా ఇది వస్తుంది. ఎం4ఏ అనే ముగింపు ఉన్న ఫైల్‌లో ఏఏసీ రకం శబ్దం ఉండవచ్చు, ఆపిల్ లాస్‌లెస్ రకం కూడా ఉండవచ్చు. సీడీజే-2000 మొదటిదాన్ని పాడుతుంది, రెండోది నెక్సస్2లోనే కుదిరింది. వేవ్ ఫైళ్లలో మరింత చిత్రమైన చిక్కు ఉంది. ఫైల్ మొదట్లోని వివరణలో రకాన్ని సూచించే అంకె మామూలు వేవ్‌కు 1. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అదే సంగీతాన్ని విస్తరించిన వివరణతో, వేరే అంకెతో భద్రపరుస్తాయి. లోపలి సంగీతంలో అణువంత తేడా లేకపోయినా పాత డెక్ ఆ అంకెను చూసి తిరస్కరిస్తుంది. మామూలు 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్‌గా మళ్లీ భద్రపరిచి తెస్తే అదే పాట అదే డెక్‌లో మోగుతుంది.

డెక్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, ఎప్పటికప్పుడు నవీకరించాలా అన్నది మరో చర్చ. కొత్త ఫర్మ్‌వేర్ పాత పొరపాట్లను దిద్దుతుంది, కొత్త సాఫ్ట్‌వేర్‌తో పొసగేలా చేస్తుంది. అయితే మధ్యలో కరెంటు పోతే డెక్ మేల్కొనకపోవచ్చు, నాలుగు డెక్‌లు కలిపి వాడేచోట ఒకటి మాత్రమే మారితే పొంతన చెడవచ్చు. కార్యక్రమం రోజు ఉదయం ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లకూడదన్న విషయంలో ఇరువర్గాలూ ఏకాభిప్రాయంతోనే ఉంటాయి.

శబ్దం ఉంది కానీ సరిగా లేదు

డెక్ నుంచి వచ్చే శబ్దం చిట్లినట్టు, బేస్ ఉబ్బినట్టు ఉంటే, ముందుగా చూడాల్సింది మిక్సర్ వెనుక ఏ సాకెట్‌లో గుచ్చారన్నది. వినైల్ సూది ఇచ్చే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులు, సీడీజే-2000 ఇచ్చేది 2 వోల్టులు, అంటే 400 రెట్లు. సూది కోసం ఉద్దేశించిన ఫోనో సాకెట్‌లో డెక్‌ను గుచ్చితే మిక్సర్ దాన్ని ఇంకా పెంచి, బేస్‌ను ఎత్తి, పై స్వరాలను తగ్గిస్తుంది. లైన్ సాకెట్‌కు మార్చగానే ఈ సమస్య ఉండదు.

ఎడమ స్పీకర్ మోగడం లేదనుకుందాం. డెక్ వెనుక ఎడమ, కుడి పిన్నులను ఒకదాని స్థానంలో ఒకటి మారిస్తే, నిశ్శబ్దం కుడి స్పీకర్‌కు దాటితే తప్పు డెక్ సాకెట్‌లో ఉంది. ఎడమలోనే ఉండిపోతే కేబుల్‌లో గానీ ఆపైన మిక్సర్, స్పీకర్ల వైపు గానీ ఉంది. ఒక్క మార్పుతో అనుమానం సగానికి తగ్గుతుంది.

50 హెర్ట్జ్ గుర్రుమనే హమ్ ఎక్కువగా డెక్‌ది కాదు. లాప్‌టాప్ చార్జర్, యాంప్లిఫైయర్ వేర్వేరు సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకుని, ఆడియో కేబుల్ ద్వారా వలయంగా కలిసినప్పుడు వస్తుంది. చార్జర్ తీయగానే హమ్ ఆగితే కారణం అదే. ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ పోగొట్టడం మనవైపు బాగా కనిపించే చిట్కా. తడి నేల మీద, జనరేటర్ కరెంటుతో నడిచే వాహనం మీద అది ప్రాణాంతకం. ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌ను ముట్టుకోకుండానే అదే పని చేస్తుంది.

విదేశాల నుంచి బంధువులు తెచ్చిన డెక్‌లు ఆన్ కాకపోవడానికి, లేదా ఆన్ చేయగానే కాలిపోవడానికి వోల్టేజీ కారణం కావచ్చు. జపాన్ మార్కెట్ కోసం చేసిన కొన్ని డెక్‌లు 100 వోల్టులకు, అమెరికా కోసం చేసిన కొన్ని 120 వోల్టులకు మాత్రమే తగినవి. వెనుక పలక మీద 240 వోల్టుల ప్రస్తావన లేకపోతే మన 230 వోల్టుల సాకెట్‌లో వాటిని నేరుగా గుచ్చడానికి లేదు.

బాగుచేయించాలా, వదిలేయాలా

రబ్బరు రోలర్లు, షీట్ స్విచ్‌లు, మీటలు, స్లైడర్లు మార్చదగినవే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో సామాన్య విడిభాగాలు దొరుకుతాయి, ఆ మోడల్‌కే ప్రత్యేకమైనవి తెప్పించుకోవాల్సి వస్తుంది. అసలు పికప్‌కూ నకలుకూ మధ్య నాణ్యత చాలా తేడాగా ఉండడం, మార్చిన తర్వాత సర్దుబాటు అవసరం కావడం వల్ల పికప్ మార్పిడి మీద మెకానిక్‌లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి.

ఇక్కడ మోడల్‌ను బట్టి లెక్క మారుతుంది. సీడీజే-1000లో ఉన్న కార్డు సందు క్యూ బిందువులను గుర్తుపెట్టుకోవడానికే. పాటలన్నీ డిస్క్ నుంచే రావాలి. లేజర్ పోతే ఆ డెక్ దాదాపు బల్ల మీది బరువే. సీడీజే-2000లో యూఎస్‌బీ, ఎస్‌డీ మార్గాలకు లేజర్‌తో పని లేదు. డిస్క్ చదవదని తక్కువ ధరకు అమ్ముతున్న సీడీజే-2000లో మీటలు, జాగ్ వీల్, స్లైడర్, యూఎస్‌బీ సాకెట్ బాగున్నాయని పరీక్షలో తేలితే, పెన్ డ్రైవ్ మీదే పాడుకునేవారికి అందులోని ఏ ముఖ్యమైన పనీ తగ్గదు. ఇంట్లో పెట్టెల కొద్దీ సీడీ-ఆర్‌లు దాచుకున్నవారికి మాత్రం అది సగం డెక్కే.